ఆడపక్షి పాడదని ఎవరు రాశారు?

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. గోదావరి లంక గ్రామాల్లో స్త్రీల పాటలు సేకరించడానికి నేను తిరిగిన 43 ఇళ్ల వివరాలు అందులో ఉన్నాయి. ఇంటి వరస సంఖ్య, కులం, పాడినామె వయసు, పాట రకం, చివరి గడిలో ఎన్ని పాటలు దొరికాయన్న లెక్క. దంపుళ్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు. 11 ఇళ్లకు ఎదురుగా ఆ చివరి గడిలో "లేవు" అని రాశాను. ఆ 11లో 9 భూమి ఉన్న కుటుంబాలు. అధ్యాయం చివర ఒక నిర్ధారణ చేశాను: భూస్వామ్య కుటుంబాల్లో స్త్రీల పాట సంప్రదాయం మన కళ్లముందే అంతరించిపోయింది అని. వైవాలో ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు కూడా.

ఆ వాక్యం గురించి నాకు నిద్ర పట్టకుండా చేసింది సాహిత్య విమర్శ కాదు, పక్షుల శాస్త్రం. జువాలజీ చదివిన స్నేహితురాలు ఒకామె, "నీ పనికొస్తుందేమో చూడు" అంటూ ఒక పరిశోధనా పత్రం పంపింది. 2014లో 'నేచర్ కమ్యూనికేషన్స్' అనే పత్రికలో వచ్చింది. పాటపక్షుల్లో ఆడపక్షులు కూడా పాడతాయని, అది అరుదైన వింత కాదని, ఈ పక్షులన్నిటి తొలి పూర్వీకుల్లోనే ఆడా మగా రెండూ పాడేవని ఆ పత్రం చెప్పింది. నూటనలభై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు చెప్పినదానికి ఇది పూర్తిగా విరుద్ధం. అంతకాలం ఆ పొరపాటు ఎలా నిలిచింది? పక్షులేమీ దాక్కుని పాడలేదు కదా! ఈ ప్రశ్న వెంట వెళ్తే దారి తిరిగి తిరిగి నా పట్టిక దగ్గరికే వచ్చింది.

డార్విన్ పంజరం

కథ 1871లో మొదలవుతుంది. ఆ సంవత్సరం ఛార్లెస్ డార్విన్ 'డిసెంట్ ఆఫ్ మాన్' ప్రచురించాడు. అందులో నాలుగు అధ్యాయాలు పక్షులకే కేటాయించాడు. నెమలి పింఛం, బుల్‌బుల్ గొంతు లాంటి ఆడంబరాలు బతకడానికి పనికిరావు, పైగా శత్రువుకి ఆనవాలు పట్టిస్తాయి. మరి అవి ఎందుకు మిగిలాయి? ఆడపక్షి మెచ్చినవాడినే ఎన్నుకుంటుంది కాబట్టి అని డార్విన్ జవాబు. పాట మగవాడిది, ఎంపిక ఆడదానిది. న్యాయంగా చెప్పాలంటే, తన కాలానికి ఇది ధైర్యమైన మాటే. ఆడపక్షికి అభిరుచి ఉంటుందని, దాని ఎంపిక ఒక జాతి రూపాన్నే మార్చగలదని ఆయన అన్నాడు. ఆయన సమకాలికుడు వాలెస్ దాన్ని ఒప్పుకోలేదు. ఆడదాని ఇష్టాయిష్టాలు సృష్టిని నడిపించడమేమిటని చాలామంది విక్టోరియన్ పెద్దమనుషులు ఎగతాళి చేశారు.

కానీ ఆ ఎంపిక చేసే ఆడపక్షి మాత్రం మౌనంగా కొమ్మ మీద కూర్చుని వినవలసిందే. మరి పాడే ఆడపక్షుల సంగతి డార్విన్‌కి తెలియదా? తెలుసు. కేనరీ, రాబిన్, భరత పక్షి, బుల్‌ఫించ్ జాతుల్లో ఆడవి పాడతాయనీ, ముఖ్యంగా "వైధవ్యంలో" ఉన్నప్పుడు పాడతాయనీ, పక్షుల్ని పెంచిన బెక్‌స్టైన్ అనే జర్మన్ రచయితను ఉటంకిస్తూ ఆయనే రాశాడు. వాటిని పంజరంలో పెట్టి బాగా మేపడం వల్ల పునరుత్పత్తికి సంబంధించిన ప్రక్రియలు చెదిరిపోయి కొన్ని ఇలా పాడుతుండవచ్చని ఒక వివరణా ఇచ్చాడు.

ఈ భాగం చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. పాడిన ఆడది వితంతువు కావాలి, లేదా ఒళ్లు చెదిరినది కావాలి. పాట ఆమె సహజ స్థితి కావడానికి మాత్రం వీల్లేదు. ఈ పుస్తకం వచ్చిన పదేళ్లకు, 1881లో, రాజమండ్రిలో కందుకూరి మొదటి వితంతు వివాహం జరిపించాడు. లండన్‌లోనైనా రాజమండ్రిలోనైనా ఆ కాలపు మగవాళ్లకు వైధవ్యం అంటే స్త్రీ కట్టు తప్పే స్థితి అనే భయం ఒకటి ఉండేది. ఆ భయం పక్షుల మీద కూడా వాలిందని నాకనిపించింది.

ఎక్కడ నిలబడి విన్నారు?

డార్విన్ తర్వాత వచ్చినవాళ్లు ఆయన సిద్ధాంతంలోని ఆడపక్షి అభిరుచిని చాలాకాలం పక్కన పెట్టేశారు. మగపక్షి పాటను మాత్రం ఉంచుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కేంబ్రిడ్జిలో విలియం థార్ప్, ధ్వనిని కాగితం మీద గీతలుగా చూపించే సోనోగ్రాఫ్ యంత్రంతో చాఫించ్ అనే చిన్న పక్షి పాటను విశ్లేషించాడు. చాఫించ్‌లో పాడేది మగదే. 1976లో నాట్‌బామ్, ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు కేనరీ, జీబ్రా ఫించ్‌ల మెదడులో పాటను నడిపే భాగాలు మగవాటిలో చాలా పెద్దవని కనిపెట్టారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఆడ, మగ మెదడు నిర్మాణంలో అంత స్పష్టమైన తేడా కనిపించడం అప్పటికి అదే మొదలు. ప్రయోగశాలల్లో అందరికీ ఇష్టమైన పక్షిగా మారిన జీబ్రా ఫించ్‌లో ఆడది పాడదు. ఒక్కో పరిశోధనా తన మేరకు సరైనదే. కానీ ఇవన్నీ కలిసి "పక్షిపాట" అనే మాటకు నిర్వచనంగా స్థిరపడ్డాయి. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి చేసే సుదీర్ఘమైన, సంక్లిష్టమైన ధ్వనినే పాట అన్నారు. నిర్వచనంలోనే "మగ" అని ఉన్నప్పుడు ఆడపక్షి ఎంత పాడినా అది పాట ఎలా అవుతుంది? కూత అవుతుంది, అరుపు అవుతుంది.

ఇక్కడ భూగోళం సంగతి కూడా ఉంది. పక్షి శాస్త్రం ఎక్కువగా పశ్చిమ యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ పెరిగింది. అక్కడ వసంతం కొద్దికాలం. చాలా పక్షులు వలస వచ్చి, మగవి ముందుగా చోటు ఆక్రమించి పాడి, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి వెళ్లిపోతాయి. అలాంటి చోట ఆడపక్షి పాట నిజంగానే తక్కువ. ఉష్ణమండలంలో ఏడాది పొడుగునా జంటగా ఒకే చోట ఉండి, ఇద్దరూ ఆ చోటును కాపాడుకునే పక్షులు ఎన్నో. వాటిలో ఆడవి పాడతాయి, జంటలు కలిసి యుగళగీతాలు కూడా పాడతాయి. అయితే లండన్ తోటలో విన్నది నియమం అయింది, అడవుల్లో విన్నది మినహాయింపు అయింది. వలస పాలన చరిత్ర చదివిన మనకు ఈ తర్కం కొత్త కాదు.

ఐరోపా, అమెరికాల్లో కూడా చెవి పెట్టినవాళ్లకి వినబడింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో తన ఇంటి పక్కన నది ఒడ్డున సాంగ్ స్పారోల కాళ్లకు రంగు పట్టీలు కట్టి ఏళ్ల తరబడి గమనించిన మార్గరెట్ మోర్స్ నైస్, ఆడవి కూడా అప్పుడప్పుడు పాడటం నమోదు చేసింది. ఆమె అధ్యయనం రెండు సంపుటాలుగా 1937, 1943లలో వచ్చింది. ఐదుగురు ఆడపిల్లల తల్లి. విశ్వవిద్యాలయంలో జీతం వచ్చే ఉద్యోగం ఆమెకు ఎన్నడూ లేదు. ఆ 1943లోనే ఇంగ్లండ్‌లో డేవిడ్ లాక్ రాబిన్ పక్షి మీద రాసిన పుస్తకంలో, చలికాలంలో ఆడ రాబిన్ తన చోటును తానే కాపాడుకుంటూ మగదానిలాగే పాడుతుందని స్పష్టంగా చెప్పాడు. ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. ఎవరూ దాచిపెట్టలేదు. కాకపోతే ప్రతిదాన్నీ "విశేషం" అని ఒక మూలన పెట్టారు. విశేషాలు ఎన్ని పోగుపడితే నియమం మారాలో ఎవరూ లెక్కపెట్టలేదు.

లెక్క వేసినవాళ్లు

2014 నాటి పత్రం ఆ లెక్కే వేసింది. రాసినవాళ్లు ఐదుగురు: కారన్ ఓడమ్, మిషెల్ హాల్, కాథరీనా రీబెల్, కెవిన్ ఓమ్లండ్, నవోమి లాంగ్‌మోర్. మొదటి రచయిత ఓడమ్ అప్పటికి అమెరికాలోని మేరీలాండ్‌లో పరిశోధక విద్యార్థిని. వాళ్లు ప్రపంచంలోని పాటపక్షుల కుటుంబాలకు సంబంధించిన గ్రంథాలు తీసుకుని, ఆడపక్షి పాట ఉందో లేదో తేల్చి చెప్పే సమాచారం ఏ జాతులకు ఉందో వెతికారు. 44 కుటుంబాల్లో 323 జాతులకు అలాంటి సమాచారం దొరికింది. ఆ 323లో 229 జాతుల్లో, అంటే 71 శాతంలో, ఆడవి పాడతాయి. 44 కుటుంబాల్లో 32 కుటుంబాలలో అలాంటి జాతులున్నాయి.

ఇంత శాతం అని చెప్పి ఊరుకుంటే అది గణాంకం మాత్రమే. వాళ్లు మరో అడుగు వేశారు. మన దగ్గర పాత కావ్యాల పరిష్కరణ ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. మూలప్రతి దొరకదు. దొరికిన తాళపత్ర ప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఏ ప్రతి దేన్నుంచి వచ్చిందో వంశవృక్షం గీసి, మూలంలో ఏ పాఠం ఉండి ఉంటుందో వెనక్కి ఊహిస్తారు. జీవశాస్త్రవేత్తలు చేసేదీ దాదాపు ఇదే. డి.ఎన్.ఎ. ఆధారంగా గీసిన పక్షుల వంశవృక్షం చివరి కొమ్మల మీద "ఆడది పాడుతుంది", "పాడదు" అని గుర్తులు పెట్టి, వెనక్కి మొదలు వైపు లెక్క కట్టారు. పాటపక్షుల పుట్టుక ఆస్ట్రేలియా ప్రాంతంలో అని డి.ఎన్.ఎ. అధ్యయనాలు అంతకుముందే చెప్పాయి. ఆ తొలి పూర్వీకుల్లో ఆడపక్షి పాడేదని ఈ లెక్క తేల్చింది. ఈనాడున్న పక్షి జాతుల్లో దాదాపు సగం పాటపక్షులే కనుక ఇది చిన్న విషయం కాదు.

దీంతో ప్రశ్నే తిరగబడింది. "మగపక్షి ఎందుకు పాట నేర్చింది?" అన్నది నూరేళ్ల ప్రశ్న. ఇప్పుడు అడగవలసింది, "కొన్ని జాతుల్లో ఆడపక్షి పాట ఎందుకు ఆగిపోయింది?" అని. దీనికి 2009లోనే ఒక ఆధారం దొరికి ఉంది. అమెరికా ఖండాల్లోని బ్లాక్‌బర్డ్ కుటుంబాన్ని పరిశీలించిన ప్రైస్, లాన్యన్, ఓమ్లండ్‌లు, ఆ పక్షులు ఉష్ణమండలం వదిలి చల్లటి ప్రాంతాల్లో గూడు కట్టుకోవడం మొదలుపెట్టిన చోటల్లా ఆడపక్షి పాట పోయిందని చూపించారు. ఈనాడు మగది పాడి ఆడది పాడని జాతుల్లో ఆ తేడా చాలాచోట్ల మగదానికి కొత్తగా వచ్చిన విద్య వల్ల ఏర్పడలేదు. ఆడది పోగొట్టుకున్నదాని వల్ల ఏర్పడింది.

ఆమె ఎందుకు పాడుతుంది?

ఆడపక్షి పాటకు పనులు చాలా ఉన్నాయి. తన చోటులోకి మరో ఆడది రాకుండా హెచ్చరించడానికి పాడుతుంది. జతగాడితో కలిసి పొరుగువాళ్లకు తమ ఉనికి చాటడానికి పాడుతుంది. యూరప్ కొండల మీద ఉండే ఆల్పైన్ ఆక్సెంటర్ అనే పక్షిలో ఆడది మగవాటిని పిలవడానికే పాడుతుందని లాంగ్‌మోర్ 1996లో నిరూపించింది. డార్విన్ పెట్టిన పాత్రలు అక్కడ తారుమారయ్యాయి. ఆస్ట్రేలియా లైర్‌బర్డ్ మగది ఇతర పక్షుల గొంతులు అనుకరించడంలో ప్రపంచ ప్రసిద్ధి. ఆడది కూడా అదే స్థాయిలో అనుకరిస్తుందని, గూటి దగ్గరా ఆహారం వెతుక్కునే చోటా వేరువేరు గొంతులు వాడుతుందని అనస్తాసియా డాల్జియెల్, జస్టిన్ వెల్బెర్గెన్ 2016లో రాశారు. మగ లైర్‌బర్డ్ పాటలు రికార్డు చేసిన తరాలవాళ్లు ఆ అడవుల్లోనే తిరిగారు.

నన్ను అన్నిటికంటే పట్టుకున్నది ఫెయిరీరెన్ కథ. ఇదీ ఆస్ట్రేలియా పక్షే, మన జిట్టంత ఉంటుంది. దాని గూటిలో ఒక రకం కోకిల గుడ్డు పెట్టిపోతుంది. డయాన్ కొలంబెల్లి-నెగ్రెల్, సోనియా క్లెయిన్‌డోర్ఫర్, వాళ్ల సహచరులు 2012లో ప్రకటించినదేమిటంటే, తల్లి ఫెయిరీరెన్ పొదుగుతూ గుడ్లకు ఒక పిలుపు వినిపిస్తుంది. పొదిగిన తర్వాత పిల్లలు ఆకలికి అరిచే అరుపులో ఆ పిలుపులోని ఒక ముక్క ఉంటుంది. ఒక గూటి గుడ్లు మరో గూటికి మార్చి చూశారు. పిల్లలు కన్నతల్లి పిలుపు కాక పొదిగిన తల్లి పిలుపే పలికాయి. అంటే అది రక్తంలో వచ్చినది కాదు, గుడ్డులో ఉండగా నేర్చుకున్నది. ఆ ముక్క పలికిన పిల్లలకు తల్లిదండ్రులు ఎక్కువ మేత పెడతాయి. కోకిల పిల్లకి ఆ గుర్తుమాట సరిగా రాదు. పద్మవ్యూహం కథ విని పెరిగిన మనకు గర్భంలో నేర్చిన విద్య వింత కాదు. మన కథలో నేర్పినవాడు మగవాడు, తల్లి నిద్రపోయింది. ఇక్కడ నేర్పేది తల్లి.

పాటకి ఖరీదు కూడా ఉంది. గూటిలో కూర్చుని ఎక్కువ పాడిన ఆడ ఫెయిరీరెన్ల గూళ్లు శత్రువుల పాలయ్యే అవకాశం ఎక్కువని క్లెయిన్‌డోర్ఫర్ బృందం 2016లో చూపింది. కొన్ని చోట్ల ఆడపక్షి గొంతు ఎందుకు తగ్గిందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. ప్రమాదం ఉన్న చోట గొంతు తగ్గించుకోవడం గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు.

అడిగినవాళ్లు ఎవరు?

2020లో హేన్స్, రోజ్, ఓడమ్, ఓమ్లండ్ మరో పని చేశారు. అంతకు ముందటి ఇరవై ఏళ్లలో పక్షిపాట మీద వచ్చిన పత్రాలు తీసి ఎవరు రాశారో చూశారు. పక్షిపాట మీద సాధారణంగా వచ్చిన పత్రాల్లో మొదటి రచయితగా స్త్రీలున్నవి 44 శాతం. ప్రత్యేకించి ఆడపక్షి పాట మీద వచ్చిన పత్రాల్లో 68 శాతం.

ఈ అంకెను పట్టుకుని స్త్రీలకు సహజంగా ఆడపక్షి గొంతు వినబడుతుంది అనడం నాకు ఇష్టం లేదు. డేవిడ్ లాక్‌కి వినబడింది, ఓమ్లండ్ ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. ఎందరో స్త్రీ శాస్త్రవేత్తలు మగపక్షి పాట మీదే మంచి పని చేశారు. విషయం చెవిది కాదు, ప్రశ్నది. "ఇది మినహాయింపు" అని చెప్పినప్పుడు, "ఎవరితో పోల్చి?" అని అడిగే అలవాటు జీవితంలో తామూ మినహాయింపుగా లెక్కలోకి వచ్చినవాళ్లకి కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ అలవాటు ప్రయోగశాలలోకి రావడానికి ముందు ఆ మనుషులకి లోపల చోటు దొరకాలి. మార్గరెట్ నైస్‌కి దొరకలేదు.

మ్యూజియంల సంగతీ అంతే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసే నటాలీ కూపర్, ఆమె సహచరులు ఐదు పెద్ద మ్యూజియంలలోని దాదాపు 25 లక్షల పక్షి, జంతు నమూనాల వివరాలు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పక్షుల్లో ఆడ నమూనాలు 40 శాతమే. ఒక జాతికి పేరు పెట్టడానికి ఆధారంగా ఉంచే ప్రామాణిక నమూనాల్లో ఆడవి ఇంకా తక్కువ, సుమారు నాలుగో వంతు. రంగురంగుల ఈకలున్న మగవాటిని వేటాడి తెచ్చారు, జాతికి అదే ప్రతినిధి అయింది.

మన కోయిల

నేను తెలుగు విద్యార్థిని కనుక ఇక్కడ కోయిల దగ్గర ఆగాలి. "కూ" అని కూసే కోయిల మగది. నల్లగా నిగనిగలాడుతుంది, కళ్లు ఎర్రన. ఆడకోయిల గోధుమరంగు ఒంటి మీద తెల్లటి పొడలతో ఉంటుంది. దాని గొంతు "కిక్ కిక్ కిక్" అని తీవ్రంగా ఉంటుంది. శాస్త్రం లెక్క ప్రకారం కోయిల పాటపక్షుల వర్గంలోకి రాదు, కాబట్టి 2014 నాటి నిర్ధారణ దీనికి వర్తించదు. ఎం.ఎ. రోజుల్లో ఇది తెలిసినప్పుడు నేను చాలా ఉత్సాహపడి, మన కవులు పొరపడ్డారని సెమినార్‌లో చెప్పాను కూడా. కోకిలమ్మ అని పిలిచారు, గాయనికి కోకిల అని బిరుదిచ్చారు, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు భారత కోకిల అయింది, అసలు కూసేది మగది అని.

ఇప్పుడు మరోలా ఆలోచిస్తున్నాను. సంస్కృతంలో కోకిల శబ్దం పుంలింగం, ఆడదానికి వేరే రూపం ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ పక్షి స్త్రీ ఎలా అయింది? ఒక కారణం మన వ్యాకరణంలో ఉందని నా ఊహ. మహత్తులు, అమహత్తులు అని చిన్నయసూరి చెప్పిన విభజన ప్రకారం ఏకవచనంలో క్రియ దగ్గర పురుషుడు ఒక వైపు, స్త్రీ, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు ఇంకో వైపు. అతడు కూశాడు, ఆమె కూసింది, కోయిల కూసింది, కుక్కర్ కూసింది. స్త్రీని రాయితో రప్పతో జతకట్టిన ఈ వ్యాకరణాన్ని మన స్త్రీవాదులు సరిగానే విమర్శించారు. కానీ అదే వ్యాకరణం, కూసే పక్షిని ఆమెగా ఊహించే వీలు కూడా తెలుగువాళ్లకి ఇచ్చి ఉండాలి. ఇంగ్లీషులో పక్షుల గురించి రాసినవాళ్ల వాక్యంలో మాత్రం పాడే పక్షి "అతడు" అయ్యాడు.

అలాగని మన సంప్రదాయం ఆడకోయిలకి న్యాయం చేసిందనుకోకండి. శాకుంతలం ఐదో అంకంలో నిండు సభలో శకుంతలను కాదంటున్నప్పుడు దుష్యంతుడు ఆడకోయిలను ఉదాహరణగా తెస్తాడు. ఆడజాతికి నేర్పకుండానే కపటం వస్తుందని, కోయిల తన పిల్లల్ని పరాయి పక్షులతో పెంచిస్తుందని అంటాడు. గొంతు బాగున్నప్పుడు కోయిల ఏ ఆడదైనా కావచ్చు. ఆ జాతిలో నిజంగా ఆడదాన్ని చూపించవలసి వచ్చినప్పుడు మాత్రం అది మోసగత్తె.

లేవు, దొరకలేదు

సాహిత్య చరిత్రలో ఈ కథ మనకి బాగా తెలుసు. తెలుగులో మొదటి కథ 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' అని బడిలో చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. సూసీ తారు, కె. లలిత 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం 1991లో తెచ్చేవరకు, స్త్రీలు పెద్దగా రాయలేదన్నదే చాలామంది పండితుల నమ్మకం. అదే సంవత్సరం వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణపు పాటల మీద వ్యాసం రాశారు. ఇంటి వెనక భాగంలో ఆడవాళ్లు తమలో తాము పాడుకునే ఆ పాటల్ని, అదే ఇంట్లో ఉండే మగవాళ్లు పట్టించుకోలేదని అందులో ఉంది.

ఇవన్నీ చదివి, క్లాసులో చెప్పి, పరీక్షల్లో రాసి మరీ నేను లంకలకు వెళ్లాను. పట్టికలో 17వ ఇల్లు నాకు బాగా గుర్తుంది. వీధి అరుగు మీద ఇంటి యజమాని కూర్చున్నాడు. నేను వచ్చిన పని చెప్పగానే, "మా ఇంట్లో ఆడాళ్లకి పాటలూ గీటలూ రావండమ్మా, పనోళ్ల వాడలో అడగండి" అన్నాడు. గుమ్మం వెనక ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నేను ఆమెను అడగలేదు. పక్కింట్లో మంచినీళ్లు తాగుతుంటే ఆ ఇల్లాలు, "అదేంటండీ, ఆ పిన్నిగారు పాడితే పెరళ్లన్నీ వినేవి కదా" అంది. రేవు దాటించే ఆఖరి పడవకి వేళవుతోంది. మళ్లీ రావచ్చులే అనుకున్నాను. మళ్లీ వెళ్లలేదు. గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడ్డాక ఆ గడి ఖాళీగా కనిపించింది. "లేవు" అని నింపాను.

2014 పత్రం చదివినప్పుడు నన్ను తాకింది ఆ 71 శాతం కాదు. అంతకుముందు ఉన్న వాక్యం. ఎన్నో జాతుల విషయంలో ఆడపక్షి పాడుతుందో లేదో చెప్పే సమాచారమే దొరకలేదన్నది. వాళ్లు ఆ జాతులన్నిటినీ "పాడదు" అనే గడిలో వేయలేదు. పక్కన పెట్టారు. ఓడమ్, లారిన్ బెనెడిక్ట్ 2018లో ఒక విజ్ఞప్తి కూడా రాశారు, ప్రపంచంలో ఎవరు పక్షిపాట రికార్డు చేసినా పాడింది ఆడో మగో గుర్తు రాయండని, ఆడపక్షి పాట వింటే వదలకండని. పద్ధతి ప్రకారం ఇది చాలా చిన్న జాగ్రత్త. నేను ఆ జాగ్రత్త పాటించలేదు. పైగా నేను స్త్రీవాదిని.

ఒక మాట స్పష్టం చేయాలి. ఆడపక్షి పాడుతుంది కనుక స్త్రీలకు గొంతు ఉండాలి అని నేను వాదించడం లేదు. ప్రకృతిని సాక్షిగా పిలిస్తే అది రేపు ఎదుటిపక్షానికి కూడా సాక్ష్యం చెబుతుంది. జీబ్రా ఫించ్‌లో ఆడది పాడదు, అది కూడా ప్రకృతే. 1871లో మగవాళ్లు చేసిన పొరపాటును మనం తిరగేసి చేయనవసరం లేదు. పక్షుల దగ్గర నేను తెచ్చుకున్నది హక్కు కాదు, లెక్క రాసే పద్ధతి.

పోయినేడు 17వ ఇంటికి వెళ్లాను. పెద్దావిడ పోయి మూడేళ్లయింది. ఆయన మంచంలో ఉన్నాడు. కోడలు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. అత్తగారు పాడేవారా అని అడిగాను. "వంటింట్లో ఒక్కరూ ఉంటే పాడుకునేవారండి. నేను అడుగు పెడితే ఆపేసేవారు. పాత్రలు తీసే సాకుతో గుమ్మంలో నిలబడి వినేదాన్ని" అంది. ఏ పాట అని అడిగితే మాటలు గుర్తులేవంది. సన్నగా ఒక వరస మాత్రం పలికింది, మాటల్లేకుండా. అది ఊర్మిళాదేవి నిద్ర వరసలా అనిపించింది, కచ్చితంగా చెప్పలేను. "మీకు పాటలు వచ్చా?" అని ఆమెను అడిగాను. ఆవిడ గుమ్మం వైపు చూసి, "ఇంకోసారి రండి" అంది.

ఈ మధ్య వేరే విశ్వవిద్యాలయంలో ఒక అమ్మాయి తన పిహెచ్.డి.లో నా వాక్యాన్ని ఉదహరించిందని తెలిసింది. భూస్వామ్య కుటుంబాల్లో స్త్రీల పాట అంతరించిందన్న వాక్యం. ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. 11 ఇళ్లలో ఎన్నింట్లో స్త్రీలను నేను నేరుగా అడిగానో నా క్షేత్ర పుస్తకాలు తిరగేసి చూశానని, నాలుగు ఇళ్లలోనే అడిగానని, మిగిలిన ఏడు ఇళ్లకు ఎదురుగా "లేవు" కొట్టేసి "అడగలేదు" అని చదువుకోమని రాశాను. ఆ ఏడు ఇళ్లలో రెండు ఇప్పుడు తాళం వేసి ఉన్నాయి. మిగతావాటికి సంక్రాంతి వెళ్లాక బయల్దేరుతున్నాను. 17వ ఇంటి కోడలికి ముందుగా ఫోన్ చేశాను. ఆయన మధ్యాహ్నం రెండింటికి నిద్రపోతాడట, ఆ వేళకి రమ్మంది.